మైగ్రేన్ – పార్శ్వపు నొప్పి

మైగ్రేన్ విడతలు విడతలుగా వచ్చిపోయే నాడీ సంబంధ వ్యాధి. తలలో, చాలామందికి ఒక పక్కనే, నాడి కొట్టుకున్నట్లు పోట్లు రావడం, కడుపులో తిప్పడం, వాంతులు, వెలుతురును, చప్పుడును భరించలేకపోవడం దీని ముఖ్య లక్షణాలు. తెలుగునాట పార్శ్వపు నొప్పి అంటారు. ఆయుర్వేద గ్రంథాలు దీన్ని అర్ధావభేదకం పేరుతో శిరోరోగాల్లో చేర్చాయి.

ప్రపంచంలో సుమారు ఏడుగురిలో ఒకరికి ఈ వ్యాధి ఉంది. యుక్తవయసు వచ్చేదాకా ఆడపిల్లల్లో, మగపిల్లల్లో దాదాపు సమానంగా కనిపించి, ఆ తరవాత స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువవుతుంది. ప్రాణం తీయకపోయినా మనిషిని పనికి దూరం చేసే వ్యాధుల్లో దీనిది పై వరస. 2019 నాటి ప్రపంచ వ్యాధిభార అధ్యయనం అటువంటి కారణాల్లో మైగ్రేన్‌కు రెండో స్థానం, యాభై ఏళ్లలోపు స్త్రీలలో మొదటి స్థానం ఇచ్చింది. బెంగళూరులోని నిమ్హాన్స్ పరిశోధకులు ఆ నగరంలోను, చుట్టుపక్కల పల్లెల్లోను 18–65 ఏళ్ల మధ్య ఉన్న 2,329 మందిని పరిశీలించి 2015లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది కాలంలో మైగ్రేన్ బారిన పడినవారు 25.2 శాతం, అంటే నలుగురిలో ఒకరు.

నొప్పి నడిచే తీరు

ఒక విడత మైగ్రేన్‌లో నాలుగు దశలుంటాయి. అందరికీ నాలుగూ రావాలని లేదు.

మొదటిది ముందస్తు దశ. తలనొప్పికి కొన్ని గంటల నుంచి రెండు రోజుల ముందే మొదలవుతుంది. అదే పనిగా ఆవలింతలు, మెడ పట్టేయడం, చిరాకు, మాటిమాటికీ మూత్రం, తీపి మీదో ఉప్పు మీదో యావ కనిపిస్తాయి. వీటిని చాలామంది కారణాలుగా పొరబడతారు. చాక్లెట్ తినడం వల్లే నొప్పి వచ్చిందనుకునే వ్యక్తికి నిజానికి మైగ్రేన్ అప్పటికే మొదలై, దాని ప్రభావం వల్లే చాక్లెట్ తినాలనిపించి ఉండవచ్చు. మెడ పట్టేసింది కాబట్టి మెడ ఎముకల అరుగుదలే తలనొప్పికి మూలమనుకోవడమూ ఇలాంటిదే.

రెండోది ఆరా. మైగ్రేన్ ఉన్నవారిలో నలుగురిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా ఇది కనిపిస్తుంది. కళ్ల ముందు మిణుకుమిణుకుమనే వంకర గీతలు, చూపు మధ్యలో మసక మచ్చ, ఆ మచ్చ నెమ్మదిగా పక్కకు జరుగుతూ పెద్దదవడం దీని గుర్తులు. కొందరికి వేళ్ల కొసల్లో మొదలైన తిమ్మిరి చేతి మీదుగా పెదవులకు, నాలుకకు పాకుతుంది. కొందరికి మాట తడబడుతుంది. ఒక్కో లక్షణం 5 నుంచి 60 నిమిషాలు ఉండి పూర్తిగా తగ్గిపోతుంది. ఆరా వచ్చి, తలనొప్పి రాకుండానే విడత ముగిసిపోవడం కూడా ఉంది.

మూడోది అసలు నొప్పి. పెద్దవాళ్లలో మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటలు ఉంటుంది. మెట్లెక్కినా, వంగినా, తల విదిల్చినా పెరుగుతుంది. పోపు ఘాటు, అగరుబత్తి పొగ, సెంటు వాసన కడుపులో తిప్పేస్తాయి. కొందరికి నెత్తి చర్మం ఎంత సున్నితమవుతుందంటే దువ్వెన తగిలినా, జడ బిగించినా ఓర్చుకోలేరు. పేరులో పార్శ్వం ఉన్నా నొప్పి ఎప్పుడూ ఒక పక్కకే పరిమితం కాదు. పక్క మారవచ్చు, రెండు పక్కలా రావచ్చు.

నాలుగోది నొప్పి తగ్గాక మిగిలే నీరసం. ఒక రోజంతా తల దిమ్ముగా ఉండటం, దేనిమీదా దృష్టి నిలవకపోవడం మామూలే. పైకి బాగానే కనిపిస్తారు కాబట్టి ఇంట్లోవాళ్లు, ఆఫీసువాళ్లు లెక్కలోకి తీసుకోని దశ ఇదే.

రకాలు

వైద్యులు మైగ్రేన్‌ను మొదట ఆరా లేనిది, ఆరా ఉన్నది అని రెండుగా విడదీస్తారు. ఎన్ని రోజులు వస్తుందన్నదాన్ని బట్టి మరో విభజన ఉంది. మూడు నెలలకు పైగా, నెలకు 15 లేదా అంతకంటే ఎక్కువ రోజులు తలనొప్పి ఉండి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలుంటే దాన్ని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు దాకా వచ్చేది రుతుసంబంధ మైగ్రేన్. తల తిరుగుడు ప్రధానంగా ఉండే రకం ఒకటి, శరీరంలో ఒక పక్క కాసేపు చచ్చుబడే అరుదైన రకం ఇంకొకటి. పిల్లల్లో తలనొప్పి లేకుండా కడుపునొప్పి, వాంతులే విడతలుగా వచ్చే రకమూ ఉంది. పిల్లల తలనొప్పి తరచు రెండు పక్కలా వస్తుంది, పెద్దవాళ్లకంటే త్వరగా తగ్గుతుంది.

ఎందుకు వస్తుంది

మైగ్రేన్ వంశపారంపర్యంగా వచ్చే అవకాశం ఎక్కువ. 1996లో శరీరంలో ఒక పక్క చచ్చుబడే రకానికి కారణమైన మొదటి జన్యువును గుర్తించారు. మామూలు మైగ్రేన్‌కు మాత్రం ఏ ఒక్క జన్యువూ కారణం కాదు. 2022లో లక్షమందికి పైగా రోగుల సమాచారంతో వచ్చిన పరిశోధన, ఈ వ్యాధితో సంబంధమున్న 123 జన్యుస్థానాలను చూపింది. ఒక్కో స్థానం పాత్ర చాలా చిన్నది; అన్నీ కలిసి మెదడును అతి సున్నితంగా మారుస్తాయి. పదే పదే ఎదురయ్యే వెలుతురు, చప్పుళ్లకు ఇతరుల మెదడు అలవాటు పడిపోతుంది. మైగ్రేన్ ఉన్నవారి మెదడు అంత తేలికగా అలవాటు పడదు.

ఆరాకు మూలం మెదడు పై పొరలో పాకే విద్యుత్ మార్పు. 1941లో అమెరికా శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ తనకు వచ్చే ఆరాను తానే గీసుకుని, మెదడులో ఏదో నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో కదులుతోందని లెక్క కట్టారు. 1944లో బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడిస్ లెయావ్ కుందేళ్ల మెదడులో సరిగ్గా అటువంటి మార్పునే కనిపెట్టారు. నాడీకణాలు ఒక్కసారి చెలరేగి, ఆ వెంటే మందగించే ఈ స్థితి మెల్లగా పక్క భాగాలకు పాకుతుంది.

నొప్పికి మూలం వేరు. ముఖానికి, మెదడు పొరలకు స్పర్శనిచ్చే నాడిని త్రిధార నాడి అంటారు. అది ఉద్రిక్తమైనప్పుడు దాని కొసల నుంచి సీజీఆర్‌పీ అనే ప్రోటీన్ ముక్క విడుదలవుతుంది. ఇది రక్తనాళాలను వ్యాకోచింపజేసి, నొప్పి సంకేతాలను పెంచుతుంది. తలలో రక్తనాళాలు ఉబ్బడమే మైగ్రేన్ అని 20వ శతాబ్దం మధ్యకాలమంతా నమ్మారు. ఇప్పుడు ఆ ఉబ్బును ఫలితంగానే చూస్తున్నారు. వ్యాధి పుట్టేది మెదడులో. ఈ అవగాహనకు బాట వేసిన లార్స్ ఎడ్విన్సన్, పీటర్ గోడ్స్‌బీ, మైఖేల్ మాస్కోవిట్జ్, యెస్ ఒలెసెన్‌లకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ దక్కింది.

రేపే పరిస్థితులు

వ్యాధి ఉన్నవారిలో నొప్పిని రేపేవి వేరు, వ్యాధికి కారణాలు వేరు. నిద్ర తగ్గడం లేదా అతిగా నిద్రపోవడం, భోజనం వేళ తప్పడం, ఒత్తిడి, నెలసరి, ఎండ, మిరుమిట్లు గొలిపే వెలుతురు, ఘాటైన వాసనలు, మద్యం ఎక్కువమంది చెప్పేవి. ఒత్తిడి ఉన్నప్పుడు కాకుండా అది తీరిన మర్నాడు నొప్పి రావడం కూడా తరచు చూస్తాం. పరీక్షలు అయిపోయాకో, పెళ్లి హడావిడి ముగిశాకో మంచాన పడేవాళ్లు ఇందుకు ఉదాహరణ. ఉపవాసం కూడా నొప్పిని రేపుతుంది. శివరాత్రి, ఏకాదశి ఉపవాసాల్లోనూ, రంజాన్ రోజాల్లోనూ ఆకలికి తోడు నీళ్లు, కాఫీ టీలు తప్పడం, నిద్ర వేళలు మారడం కలిసి పనిచేస్తాయి.

మన దేశంలో ప్రత్యేకంగా నమోదైన అంశం తలస్నానం. ముంబైకి చెందిన తలనొప్పి వైద్య నిపుణుడు కె. రవిశంకర్, తలస్నానం వల్ల మైగ్రేన్ వచ్చే 94 మంది భారతీయుల వివరాలను 2006లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో ప్రచురించారు. తలంటుకున్న రోజు తలనొప్పి వస్తుందన్న మన ఇళ్లలోని మాటకు అలా వైద్య సాహిత్యంలో చోటు దొరికింది. అలాంటివారు జుట్టును తడిగా వదిలేయకుండా త్వరగా ఆరబెట్టుకోవడం, నొప్పి అలవాటుగా వస్తుంటే వైద్యుణ్ని అడిగి ముందే మందు వేసుకోవడం ఉపయోగపడతాయి.

ఒకరికి పడనిది ఇంకొకరికి పడవచ్చు. ఒక్కో అంశం విడిగా నొప్పి తేకపోయినా రెండు మూడు కలిస్తే తేవచ్చు. కాబట్టి ఎవరో చెప్పిన జాబితా చూసి పెరుగు, అరటిపండు, చింతపండు అన్నీ మానేయనక్కర్లేదు. నొప్పి వచ్చిన తేదీ, వేళ, నిద్ర, భోజనం, నెలసరి, వేసుకున్న మాత్రలు ఒక డైరీలో రెండు మూడు నెలలు రాస్తే ఎవరి జాబితా వారికే తేలుతుంది.

గుర్తించడం ఎలా

మైగ్రేన్‌ను తేల్చే రక్తపరీక్ష గాని, స్కానింగ్ గాని లేదు. రోగి చెప్పే వివరాలే ఆధారం. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఆరా లేని మైగ్రేన్ అనడానికి కనీసం ఐదు విడతలు వచ్చి ఉండాలి. నొప్పి ఒక పక్క ఉండటం, నాడి కొట్టుకున్నట్లు ఉండటం, మధ్యస్థంగా లేదా తీవ్రంగా ఉండటం, మామూలు కదలికలకు పెరగడం – ఈ నాలుగింటిలో రెండైనా ఉండాలి. వీటికి తోడు వికారం లేదా వాంతులైనా, లేదా వెలుతురు, చప్పుడు రెండూ పడకపోవడమైనా ఉండాలి.

ఇంత స్పష్టంగా ఉన్నా చాలామంది ఏళ్ల తరబడి వేరే వైద్యాలు చేయించుకుంటారు. సైనస్ అని ఆవిరి పడతారు, చూపు దోషమని కళ్లజోడు మారుస్తారు, గ్యాస్ అని, పైత్యమని మాత్రలు మింగుతారు. సైనస్ తలనొప్పి ఉందని తమంతట తామో, వైద్యుడి మాట మీదో నమ్ముతున్న 2,991 మందిని అమెరికాలో పరీక్షించగా 88 శాతం మందికి మైగ్రేన్ తరహా నొప్పే ఉన్నట్లు 2004లో తేలింది. మైగ్రేన్‌లోనూ ముక్కు కారుతుంది, కళ్లు నీళ్లు పెడతాయి. అందువల్లే ఈ పొరపాటు.

కొన్ని లక్షణాలు ఉంటే మాత్రం మైగ్రేనే అనుకుని ఇంట్లో ఉండకూడదు. క్షణాల్లో భరించలేనంతగా విరుచుకుపడిన నొప్పి, జ్వరంతోపాటు మెడ బిగుసుకుపోవడం, కాలూ చేయీ పడిపోవడం, మూతి వంకరపోవడం, మూర్ఛ, తలకు దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి, యాభై ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన నొప్పి, రోజురోజుకూ పెరిగే నొప్పి, గర్భిణికి లేదా బాలింతకు కొత్తగా వచ్చిన తీవ్రమైన నొప్పి – వీటిలో ఏది ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఎంఆర్ఐ, సీటీ స్కాన్లు అవసరమయ్యేది ముఖ్యంగా ఇలాంటి సందర్భాల్లోనే.

నొప్పి వచ్చినప్పుడు చేసే చికిత్స

నొప్పి మొదలైన తొలి గంటలో, అది ముదరకముందే, సరైన మోతాదులో మందు వేసుకోవడం ముఖ్యం. ఓర్చుకుని ఓర్చుకుని చివరికి వేసుకున్న మాత్ర సరిగా పనిచేయదు. మైగ్రేన్ సమయంలో జీర్ణాశయం కదలిక మందగించడం వల్ల మాత్ర కడుపులోనే నిలిచిపోవడం ఇందుకు ఒక కారణం.

ఒక మోస్తరు నొప్పికి పారాసెటమాల్, ఇబుప్రోఫెన్, నాప్రాక్సెన్, ఆస్పిరిన్ వంటివి సరిపోతాయి. వాంతులుంటే డోంపెరిడోన్ లేదా మెటోక్లోప్రమైడ్ కలిపి ఇస్తారు. వీటితో తగ్గనివారికి ట్రిప్టాన్లు ఇస్తారు. వీటిలో మొదటిదైన సుమాట్రిప్టాన్‌ను ప్యాట్రిక్ హంఫ్రీ బృందం గ్లాక్సో కంపెనీలో రూపొందించింది; 1991లో మార్కెట్‌లోకి వచ్చింది. రిజాట్రిప్టాన్ మొదలైనవి తరవాత వచ్చాయి. గుండె జబ్బు, పక్షవాతం వచ్చినవారు, బీపీ అదుపులో లేనివారు ట్రిప్టాన్లు వాడకూడదు. అంతకుముందు దశాబ్దాల పాటు వాడిన ఎర్గోటమిన్‌ను ధాన్యపు కంకులకు పట్టే బూజు నుంచి 1918లో వేరుచేశారు. కెఫీన్ తదితరాలతో కలిపిన ఎర్గోటమిన్ మాత్రలు మన మందుల షాపుల్లో ఇప్పటికీ దొరుకుతున్నాయి. రక్తనాళాలను గట్టిగా సంకోచింపజేసే మందు కాబట్టి దీన్ని చీటీ లేకుండా కొని వాడటం ప్రమాదకరం.

మాత్రలే నొప్పి తెచ్చే స్థితి

నొప్పి మాత్రలు ఎక్కువైతే వాటివల్లే తలనొప్పి నిత్యమవుతుంది. మూడు నెలలకు పైగా, మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 లేదా అంతకు మించిన రోజులు, ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్, మిశ్రమ మాత్రలు నెలకు 10 లేదా అంతకు మించిన రోజులు వాడేవారికి ఈ ముప్పు ఉంది. మాత్ర ప్రభావం దిగగానే నొప్పి, నొప్పి రాగానే మాత్ర – ఈ చక్రంలో పడినవారికి మాత్రలు ఆపితే కొన్నాళ్లు నొప్పి పెరిగి, ఆ తరవాత తగ్గుతుంది. అందుకే వైద్యుడి పర్యవేక్షణలో, నివారణ మందు ఆసరాతో మానిపిస్తారు. ఏ నొప్పి మాత్రయినా వారానికి రెండు రోజులకు మించకుండా చూసుకోవడం క్షేమం.

రాకుండా చూసే మందులు

నెలలో నాలుగు రోజులు లేదా అంతకంటే ఎక్కువ తలనొప్పి ఉన్నా, విడతలు తక్కువే అయినా పనులన్నీ ఆగిపోతున్నా నివారణ మందుల గురించి ఆలోచించాలి. వీటిలో మాత్రలు నొప్పి ఉన్నా లేకున్నా రోజూ వేసుకోవలసినవి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నొప్పి రోజులు సగానికి తగ్గితే మందు పనిచేసినట్లే లెక్క.

వీటిలో చాలా మందులు మొదట వేరే జబ్బుల కోసం వచ్చినవే. గుండె నొప్పికి ఇచ్చిన ప్రొప్రానొలాల్ తలనొప్పిని కూడా తగ్గిస్తోందని 1960లలో అనుకోకుండా బయటపడింది. ఉబ్బసం ఉన్నవారికి ఇది పనికిరాదు. అమిట్రిప్టిలిన్ నిద్ర పట్టనివారికి అనువైనది. నోరు ఎండిపోతుంది, మగతగా ఉంటుంది. టోపిరమేట్ బరువు తగ్గిస్తుంది, కొందరికి వేళ్లలో తిమ్మిరి, మాట తట్టకపోవడం కలిగిస్తుంది. మన దేశంలో ఎక్కువగా రాసే ఫ్లునారిజిన్ వల్ల బరువు, మగత పెరగవచ్చు. కుంగుబాటు ఉన్నవారికి ఇవ్వరు. టోపిరమేట్, వాల్‌ప్రోయేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి కాబట్టి పిల్లలు కలిగే వయసులోని స్త్రీలకు వీటి విషయంలో గట్టి జాగ్రత్త అవసరం.

దీర్ఘకాలిక మైగ్రేన్‌కు నుదురు, కణతలు, మెడ వెనక భాగంలో బొటాక్స్ ఇంజెక్షన్లు మూడు నెలలకోసారి ఇస్తారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ వాడకాన్ని 2010లో అనుమతించింది. 2018లో ఎరెనుమాబ్‌తో కొత్త తరం మొదలైంది. ఇది మైగ్రేన్ కోసమే తయారై, సీజీఆర్‌పీ పనిని అడ్డుకునే ఇంజెక్షన్, నెలకోసారి తీసుకోవాలి. అదే మార్గంలో పనిచేసే జెపాంట్ మాత్రలకు 2019 చివరి నుంచి అమెరికాలో అనుమతులు వచ్చాయి. రక్తనాళాలను సంకోచింపజేయకపోవడం వీటికున్న మేలు. ఖరీదు మాత్రం సామాన్యుడికి అందేది కాదు.

అలవాట్లు, ఇంటి వైద్యం

సెలవు రోజైనా పనిరోజైనా ఒకే వేళకు నిద్రపోయి లేవడం, పొద్దున టిఫిన్ మానకపోవడం, తగినన్ని నీళ్లు తాగడం, వారంలో ఎక్కువ రోజులు నడక, కాఫీ రోజుకు ఒకటి రెండు కప్పులకు పరిమితం చేయడం, ఎండలోకి వెళితే టోపీ లేదా గొడుగు – ఇవి ఖర్చు లేని నివారణలు. మైగ్రేన్ ఉన్న మెదడుకు మార్పు పడదు. క్రమబద్ధతే దానికి మందు. ఢిల్లీ ఎయిమ్స్‌లో 160 మందిని రెండు జట్లు చేసి జరిపిన పరీక్షలో, మందులతోపాటు యోగా చేసినవారికి మందులు మాత్రమే వాడినవారికంటే నొప్పి రోజులు, తీవ్రత ఎక్కువగా తగ్గాయి. ఆ ఫలితాలు 2020లో వెలువడ్డాయి. గమనించవలసింది ఏమంటే ఆ పరీక్షలో యోగాను మందులకు తోడుగానే వాడారు, మందుల స్థానంలో కాదు. మెగ్నీషియం, రైబోఫ్లేవిన్ కొందరికి ఉపకరిస్తాయి.

నుదుటికి శొంఠి గంధం పట్టు వేయడం, తలకు గుడ్డ బిగించి కట్టడం, బామ్ రాసుకోవడం తెలుగిళ్లలో తరతరాలుగా ఉన్నవే. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం ఇంటింటి పేరు కావడానికి తలనొప్పే దారి వేసింది. బామ్‌లోని కర్పూరం, మెంథాల్ చర్మం మీద చల్లదనం కలిగించి కాసేపు ఉపశమనమిస్తాయి. మెదడులో నడుస్తున్న వ్యాధిని ఆపలేవు. ఘాటు పడనివారికి అదే వాసన వికారాన్ని పెంచవచ్చు. చీకటి గదిలో నిద్ర, నుదుటిమీద చల్లటి గుడ్డ ఎవరికీ హాని చేయనివి. కణతల దగ్గర వాతలు పెట్టించడం, ఆకుపసరు ముక్కులోనో చెవిలోనో పోయించుకోవడం మాత్రం కాలిన గాయాలకు, ఇన్ఫెక్షన్లకు దారితీస్తాయి.

స్త్రీలు తెలుసుకోవలసినవి

నెలసరి ముందు ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక్కసారిగా తగ్గడం నొప్పిని రేపుతుంది. గర్భం దాల్చాక, ముఖ్యంగా నాలుగో నెల నుంచి, చాలామందికి నొప్పి తగ్గుముఖం పడుతుంది. కాన్పయ్యాక తిరిగి రావచ్చు. గర్భిణులకు నొప్పి వస్తే వైద్యులు ముందుగా ఎంచుకునేది పారాసెటమాల్. ఎర్గోటమిన్ అసలు వాడకూడదు. ముట్లుడిగే ముందు కొన్నేళ్లు నొప్పి పెరిగి, ఆ తరవాత చాలామందిలో తగ్గుతుంది. ఆరా ఉన్న మైగ్రేన్ పక్షవాతం ముప్పును కొంత పెంచుతుంది. దానికి ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, పొగతాగడం తోడైతే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. అందుకే ఆరా ఉన్న స్త్రీలకు ఆ మాత్రలు ఇవ్వరాదని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. గర్భనిరోధక మాత్రలు అడిగేటప్పుడు ఆరా సంగతి వైద్యురాలికి తప్పక చెప్పాలి.

మైగ్రేన్‌ను శాశ్వతంగా నయం చేసే మందు ఇంతవరకు లేదు. వయసు పైబడే కొద్దీ చాలామందిలో దానంతటదే నెమ్మదిస్తుంది. ఈలోగా వ్యాధిని సరిగ్గా గుర్తించి, నొప్పి మాత్రలను లెక్కగా వాడుతూ, అవసరమైనప్పుడు నివారణ మందు మొదలుపెట్టినవారిలో ఎక్కువమంది నెలలో పోగొట్టుకునే రోజులను సగానికి, అంతకంటే తక్కువకు కూడా తగ్గించుకోగలరు.